అవతలి షెల్ జవాబు ముగిసిందా? కొన్ని అనుభవ పాఠాలు

దూరాన ఉన్న సర్వర్‌లోని ఫైలును మన బల్లమీది కంప్యూటర్‌లో ఉన్నట్టే తెరిచి, దిద్ది, సేవ్ చేసుకోవడం ఇప్పుడెవరికీ వింత కాదు. ఈమాక్స్ వాడేవారికి ట్రాంప్ ఉంది. విండోస్ వాడేవారికి విన్‌ఎస్‌సీపీ ఉంది. మిడ్‌నైట్ కమాండర్‌లో ఫిష్ ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ చాలా సందర్భాల్లో లోపల చేసేది ఒకటే. మనిషిలా లాగిన్ అవుతుంది, షెల్‌కు ఒక కమాండ్ పంపుతుంది, వచ్చిన జవాబు చదువుతుంది, తర్వాతి కమాండ్ పంపుతుంది. జవాబు ఎక్కడితో అయిపోయిందో తెలిస్తే తప్ప ఇంకో అడుగు వేయలేదు. ఆ గుర్తింపు కోసమే ప్రాంప్టును వెతుకుతుంది.

టెల్నెట్ రోజుల్లో ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టులు రాస్తూ ఈ పనిలోకి వచ్చాను. తర్వాత ఎస్ఎస్‌హెచ్ వచ్చింది, పరికరాలు మారాయి, సమస్య మాత్రం నాతోపాటే ఉద్యోగ విరమణ దాకా నడిచింది. పైకి ఇది చాలా చిన్న విషయం. దీన్ని తేలిగ్గా తీసుకుని ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి. నేర్చుకున్నది నాతోనే ఆగిపోకూడదని ఇది రాస్తున్నాను.

1. ప్రాంప్టు మనిషి కంటికోసం పుట్టింది.

మామూలు యూజర్‌కు $, రూట్‌కు #, సీ షెల్‌లో %. మా తరానికి తెలిసిన ప్రాంప్టులు ఇంతే. అందుకే లైన్ చివర వీటిలో ఏదో ఒకటి, దాని పక్కన ఖాళీ ఉంటే అది ప్రాంప్టేనని మా ప్రోగ్రాములు నమ్మేవి. ట్రాంప్ మొదట వెతికే ప్యాటర్న్ కూడా దాదాపు ఇలాంటిదే: లైన్ మొదలు, మధ్యలో ఏవైనా అక్షరాలు, చివర #, $, %, >, ] గుర్తుల్లో ఒకటి, ఆ తర్వాత ఉంటే గింటే రంగులు మార్చే కంట్రోల్ కోడ్‌లు. ఇప్పటివాళ్లు ప్రాంప్టును అందంగా అలంకరించుకుంటారు. ఒక లైన్‌లో గిట్ బ్రాంచి పేరు, ఇంకో లైన్‌లో ❯ అనే బాణం గుర్తు, కుడివైపు గడియారం. మనిషికి అది హాయిగానే ఉంటుంది. ❯ ఆ జాబితాలో లేదు కాబట్టి ప్రోగ్రాము మాత్రం ‘రిమోట్ షెల్ నుంచి ప్రాంప్టు కోసం ఎదురుచూస్తున్నాను’ అని చెప్పి అక్కడే ఆగిపోతుంది. అవతల ప్రాంప్టు ఎప్పుడో వచ్చేసింది, ఇవతల దాన్ని గుర్తుపట్టేవాళ్లే లేరు. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నేను నెట్‌వర్క్‌ను అనుమానించేవాణ్ణి, ఫైర్‌వాల్‌ను అనుమానించేవాణ్ణి. ముందు చూడాల్సింది ఆ యూజర్ ప్రాంప్టును. ఆ అలవాటు నాకు ఆలస్యంగా అబ్బింది.

2. చివర కనిపించిందల్లా చివర కాదు.

నెట్‌వర్క్ మీద డేటా లైన్లుగా రాదు, ముక్కలుగా వస్తుంది. ముక్క ఎక్కడ తెగుతుందో మన చేతిలో ఉండదు. ఒక డైరెక్టరీలోని ఫైళ్ల పూర్తి వివరాలు అడిగామనుకోండి. అందులో సింబాలిక్ లింక్ ఉంటే దాని పేరు, తర్వాత -> గుర్తు, ఖాళీ, ఆ తర్వాత అసలు ఫైలు దారి వస్తాయి. డేటా సరిగ్గా ఆ బాణం పక్కనున్న ఖాళీ దగ్గర తెగితే, ఆ క్షణాన బఫర్ చివర ఉన్నది > గుర్తు, ఖాళీ. మన ప్యాటర్న్‌కు అచ్చంగా సరిపోయే ప్రాంప్టు! నేను రాసిన మిర్రర్ స్క్రిప్టు ఒకసారి ఇలాగే మోసపోయింది. సగం జాబితానే మొత్తం జాబితా అనుకుంది. అందులో లేని ఫైళ్లు అవతల డిలీట్ అయ్యాయని తీర్మానించి, ఇవతలి కాపీల్ని కూడా చెరిపేసింది. బ్యాకప్ టేపుల నుంచి చాలావరకు తిరిగి వచ్చాయి. ఆ బ్యాకప్ తర్వాత ఒక సహోద్యోగి చేసిన పని మాత్రం తిరిగి రాలేదు. పరీక్షల్లో ఒక్కసారీ బయటపడని తప్పు అది, ఎందుకంటే లోకల్ నెట్‌వర్క్‌లో డేటా దాదాపు ఎప్పుడూ ఒకే ముక్కగా వచ్చేది.

ఇలాంటి మాయ ఇంకా చాలాచోట్ల ఉంది. లాగిన్ సందేశాన్ని # గుర్తులతో చుట్టూ గడి కట్టి అలంకరించే అడ్మిన్లు ఉంటారు. జెడ్‌షెల్ అయితే, కమాండ్ అవుట్‌పుట్ కొత్త లైన్‌తో ముగియకపోతే దాని పక్కన తనే ఒక % గుర్తు వేస్తుంది. అదీ ప్రాంప్టులాగే కనిపిస్తుంది.

3. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి.

ప్యాటర్న్‌తో వేగలేక చాలామంది పట్టే దారి టైమౌట్. ‘రెండు సెకన్లు ఏమీ రాకపోతే జవాబు అయిపోయినట్టే’ అని రాసుకుంటారు. నేనూ రాశాను. పెద్ద నెట్‌వర్క్ డిస్కు మీద ఫైండ్ కమాండ్ నడిచేటప్పుడు ఎన్నో సెకన్లు చప్పుడే ఉండదు. సర్వర్ మీద లోడ్ పెరిగితే లాగిన్ తర్వాత మొదటి అక్షరం రావడానికే సమయం పడుతుంది. టైమ్ పెంచితే ప్రతి ఆపరేషనూ నత్తనడక అవుతుంది, తగ్గిస్తే జవాబు సగంలో తెగుతుంది. పైథాన్‌లోని పీఎక్స్‌పెక్ట్ లైబ్రరీ దీనికి కొంచెం తెలివైన ఉపాయం పట్టింది. లాగిన్ అయ్యాక ఖాళీ ఎంటర్లు పంపుతుంది, వచ్చిన రెండు జవాబుల మధ్య తేడాను లెవెన్‌స్టీన్ దూరంతో కొలుస్తుంది, రెండూ దాదాపు ఒకేలా ఉంటే అది ప్రాంప్టు అని తేల్చుకుంటుంది. గడియారం ఉన్న ప్రాంప్టులో సెకన్లు మారినా తట్టుకోగలదు. అయితే ఇది లాగిన్ దగ్గర ఒక్కసారి చేసే ఊహ మాత్రమే. అది కుదిరిన వెంటనే ఆ లైబ్రరీ తన సొంత ప్రాంప్టు పెట్టుకుంటుంది. టైమౌట్ అనేది లింకు తెగిపోయిందని చెప్పడానికి పనికొస్తుంది. పని పూర్తయిందని చెప్పడానికి పనికిరాదు. ఈ రెండింటినీ నా కోడ్‌లో వేరు చేయడానికి చాలా కాలం పట్టింది.

4. ఎదుటివాడి ప్రాంప్టును వెతికే బదులు మన ప్రాంప్టును మనమే పెట్టుకోవాలి.

ఈ పాఠాల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్నే పెట్టుకోండి. ట్రాంప్‌ను 1998 నవంబరు చివర్లో కాయ్ గ్రోస్‌యోహాన్ మొదలుపెట్టారు. తర్వాత చాలా ఏళ్లుగా మిఖాయెల్ అల్బినుస్ చూసుకుంటున్నారు. వాళ్ల కోడ్ చదివినప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయి. యూజర్ ప్రాంప్టును ఊహించే పని ట్రాంప్ ప్రారంభంలో మాత్రమే చేస్తుంది. ఊహ కుదిరిన మరుక్షణం ఆ షెల్‌ను వదిలేసి, దాని స్థానంలో సాదా బోర్న్ షెల్‌ను నడుపుతుంది. నడిపేటప్పుడే ప్రాంప్టుకు సంబంధించిన వేరియబుల్స్ అన్నీ తన ఇష్టప్రకారం సెట్ చేస్తుంది. ప్రధాన ప్రాంప్టు తనది. కొనసాగింపు లైన్‌కు వచ్చే రెండో ప్రాంప్టు ఖాళీ. ప్రతి ప్రాంప్టుకు ముందు బ్యాష్ నడిపే కమాండ్ వేరియబుల్ కూడా ఖాళీ. ఆ మూడోది మరిచిపోతే, మనం పెట్టిన ప్రాంప్టును యూజర్ అలంకారం మరుక్షణమే మార్చేస్తుంది. ప్రధాన ప్రాంప్టుగా ట్రాంప్ పెట్టే గుర్తు మూడు స్లాష్‌లు, 32 అక్షరాల ఎండీ5 హాష్, చివర #$. ఆ సెషన్‌లో ఏ ఫైలులోనూ అనుకోకుండా తగిలే వరస కాదది.

1998లోనే పావెల్ మాహెక్ మిడ్‌నైట్ కమాండర్ కోసం రూపొందించిన ఫిష్ ప్రోటోకాల్ ఇంకో దారి పట్టింది. ప్రాంప్టు జోలికే వెళ్లదు. ప్రతి కమాండ్ చివర మూడు # గుర్తులు, పక్కన మూడంకెల కోడ్ ప్రింట్ చేయమంటుంది. ### 200 వస్తే పని అయింది, 500 వస్తే కాలేదు. ఎస్‌సీపీ పద్ధతిలో పనిచేసేటప్పుడు విన్‌ఎస్‌సీపీ కూడా కమాండ్ వెనకాలే తన పేరుతో ఒక ముగింపు లైన్ రాయిస్తుంది. మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు, వేర్వేరు దారుల్లో వెళ్లి, ముగింపు గుర్తు మనమే నిర్ణయించాలనే చోటికి చేరాయి.

5. అరిచిన మాట లోయలోంచి తిరిగొచ్చినట్టు మన కమాండే మనకు తిరిగొస్తుంది.

టెర్మినల్ మనం టైప్ చేసినది మనకే చూపిస్తుంది. దాన్నే ఎకో అంటాం. ముగింపు గుర్తు ప్రింట్ చేయమని పంపిన కమాండ్‌లోనే ఆ గుర్తు ఉంటుంది కదా. ఎకో ఆన్‌లో ఉంటే, కమాండ్ నడవకముందే ఆ గుర్తు మన బఫర్‌లోకి వచ్చేస్తుంది. ప్రోగ్రాము జవాబు వచ్చేసిందని ఖాళీ చేతులతో ముందుకు వెళుతుంది. ఎకోను ఆపమని టెర్మినల్‌కు చెప్పడం మొదటి మందు. ఆపడానికి ముందు పంపిన కమాండ్‌కు అది పనిచేయదు కాబట్టి రెండో మందు కూడా కావాలి. గుర్తును కమాండ్‌లో ఒకే ముక్కగా రాయకండి. "ముగిం""పు" అని రెండు జతల కొటేషన్ గుర్తుల్లో విరిచి పంపితే, ఎకోలో అది విరిగే కనిపిస్తుంది. షెల్ నడిపాక వచ్చే జవాబులో మాత్రమే అతుక్కుని వస్తుంది. ఇంకో జాగ్రత్త: పొడవైన కమాండ్‌ను ఎడిటింగ్ సదుపాయం ఉన్న షెల్ స్క్రీన్ వెడల్పు దగ్గర మడిచి, మధ్యలో అదనపు అక్షరాలు చేరుస్తుంది. లైనక్స్‌లో మామూలు టెర్మినల్ మోడ్‌లో ఒక లైన్ 4096 బైట్లు దాటితే మిగిలినది డ్రైవర్ పారేస్తుంది. పెద్ద డేటా పంపేటప్పుడు చిన్న లైన్లుగా కోసి పంపండి.

6. ప్రాంప్టు రావడం వేరు, పని జరగడం వేరు.

డిస్కు నిండిపోయి ఫైలు రాయలేకపోయినా ప్రాంప్టు వస్తుంది. అనుమతి లేదని కమాండ్ వెనక్కి కొట్టినా ప్రాంప్టు వస్తుంది. సేవ్ అయిందని ఎడిటర్ చెప్పిన ఫైలు అవతల సున్నా బైట్లతో ఉండడం చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. ముగింపు గుర్తుతో పాటే ఎగ్జిట్ స్టేటస్‌ను కూడా రాయించుకోవాలి. ట్రాంప్ తను పరీక్షించే కమాండ్‌ల తర్వాత తన పేరుతో ఒక ఎగ్జిట్ స్టేటస్ లైన్ అడిగి చదువుకుంటుంది. విన్‌ఎస్‌సీపీ ముగింపు లైన్ చివరి అంకె కూడా ఎగ్జిట్ కోడే. సున్నా కాకపోతే యూజర్‌కు వెంటనే చెప్పండి. ఫైలు రాశాక అవతలి సైజునో చెక్‌సమ్‌నో ఇవతలి దానితో సరిపోల్చండి. వేగం కోసం ఈ సరిపోల్చడాన్ని తీసేయమని నన్ను అడిగిన సందర్భాలున్నాయి. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

7. గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నలకు తొందరపడి జవాబివ్వకండి.

షెల్ ప్రాంప్టు కన్నా ముందు వేరే ప్రశ్నలు వస్తాయి. పాస్‌వర్డ్ ఏమిటి, టెర్మినల్ రకం ఏమిటి, ఈ సర్వర్ కీ ఇంతకుముందు చూడలేదు, కొనసాగాలా వద్దా? ఇవి కూడా మనిషి కోసం రాసినవే, పైగా మనిషి భాషలో. అందుకే ఈమాక్స్ పాస్‌వర్డ్ అనే మాటకు ఎన్నో భాషల రూపాల జాబితా ఉంచుకుంటుంది. అందులో తెలుగు వాళ్ల కోసం ‘సంకేతపదము’ కూడా ఉంది. రిమోట్ కమాండ్‌లు నడిపేముందు లొకేల్‌ను సాదా సీ లొకేల్‌కు మార్చుకుంటే, లాగిన్ అయ్యాక వచ్చే సందేశాలైనా ఒకే భాషలో ఉంటాయి.

ఇక్కడ తప్పు ఖరీదు ఎక్కువ. లైన్ చివర ‘పాస్‌వర్డ్:’ కనిపిస్తే చాలు పాస్‌వర్డ్ పంపే స్క్రిప్టు, లాగిన్ సందేశంలో ‘పాస్‌వర్డ్ గడువు:’ అని ఉన్నా పంపేస్తుంది. అప్పటికి షెల్ సిద్ధంగా ఉంటే ఆ పాస్‌వర్డ్‌ను కమాండ్ అనుకుంటుంది, హిస్టరీ ఫైలులో రాసిపెడుతుంది. పాస్‌వర్డ్‌ను లాగిన్ దశలోనే, ఒక్కసారే పంపండి. సుడో అడిగే ప్రశ్నను మన మాటల్లోకి మార్చుకునే వీలుంది, వాడుకోండి. ఆన్సిబుల్ చేసేది అదే. సుడో ప్రాంప్టులో ఒక యాదృచ్ఛిక కీ పెడుతుంది, ఆ కీ కనిపిస్తేనే పాస్‌వర్డ్ ఇస్తుంది. రూట్ అయ్యాక వచ్చే విజయ సందేశంలోనూ అదే కీ కోసం చూస్తుంది. సర్వర్ కీ గురించిన ప్రశ్నకు మాత్రం ప్రోగ్రాము చేత ‘ఎస్’ అనిపించకండి. అది మనిషి తేల్చాల్సిన విషయం.

8. స్టార్టప్ ఫైలులో రాసే ప్రతి అక్షరం ఎవరో చదువుతారు.

షెల్ మొదలవగానే నడిచే ఫైలులో ఒక స్వాగత వాక్యం రాసుకోవడం చాలామందికి సరదా. ఎస్‌ఎఫ్‌టీపీ మొదలైనప్పుడు అవతలి నుంచి వచ్చే మొదటి నాలుగు బైట్లను క్లయింట్ సందేశం పొడవుగా చదువుతుంది. స్వాగతం ఇంగ్లిష్‌లో ‘వెల్‌కమ్’ అని పెద్ద అక్షరంతో మొదలైతే ఆ నాలుగు బైట్లు 87, 101, 108, 99. కలిపితే పొడవు 1466264675. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకునే గరిష్ఠ పొడవు 262144. సందేశం మరీ పొడవైందని చెప్పి క్లయింట్ ఆగిపోతుంది. తెలుగులో ‘నమస్కారం’ అని రాసుకున్నవారికి అదే చోట 3769673952 కనిపిస్తుంది. ఆ వింత సంఖ్యను చూసి నెట్‌వర్క్ పాడైందనుకునేవాళ్లే ఎక్కువ. ఆర్‌సింక్ ఇంకొంచెం దయ చూపి, ‘మీ షెల్ శుభ్రంగా ఉందా?’ అని సూటిగానే అడుగుతుంది.

మందు తేలిక. షెల్ ఇంటరాక్టివ్ అయితేనే ఏదైనా ప్రింట్ చేయాలి, కాకపోతే ఫైలు మొదట్లోనే వెనక్కి తిరగాలి. ట్రాంప్ వాడేవారికి ఇంకో మాట. అది తన టెర్మినల్ రకాన్ని ‘డంబ్’ అని చెప్పుకుని లాగిన్ అవుతుంది. ఆ విలువ కనిపిస్తే అలంకారాలన్నీ ఆపేసి, ప్రాంప్టును ఒక్క $, ఒక ఖాళీగా పెట్టి, అక్కడితో ఆ ఫైలు ఆగిపోయేలా రాసుకోండి. జెడ్‌షెల్ అయితే లైన్ ఎడిటర్‌ను కూడా ఆపండి. మొదటి పాఠంలో చెప్పిన ఫిర్యాదుల్లో చాలా భాగం దీనితోనే తీరిపోతుంది.

9. కళ్లతో చూడకుండా ప్యాటర్న్ దిద్దకండి.

ప్రాంప్టు దొరకలేదనగానే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఇంకో అక్షరం చేర్చడం మా అందరి అలవాటు. అలా చేర్చుకుంటూ పోతే చివరికి అది దేనికైనా సరిపోయే ప్యాటర్న్ అవుతుంది, రెండో పాఠంలోని ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ముందు వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూడండి. ట్రాంప్‌లో వివరాల స్థాయిని 6కు పెంచితే పంపినదీ వచ్చినదీ మొత్తం ఒక డీబగ్ బఫర్‌లో రాస్తుంది. సొంత ప్రోగ్రాము అయితే, కంటికి కనపడని కంట్రోల్ కోడ్‌లు కూడా అంకెల్లో కనిపించేలా లాగ్ రాయించండి. టెర్మినల్ విండో టైటిల్ మార్చే కోడ్, ప్రాంప్టు ముందు దూరిన క్యారేజ్ రిటర్న్, ‘మీకు కొత్త మెయిల్ ఉంది’ అని బ్యాష్ చెప్పే మాట, అసలు దొంగలు ఇలా బయటపడతారు. లాగ్‌ను ఇంకొకరికి పంపేముందు అందులో రహస్యాలేమైనా ఉన్నాయేమో చూసి తీసేయండి.

10. షెల్ అక్కర్లేని చోట షెల్‌ను కదిలించకండి.

ఈ తంటాలన్నీ పడ్డాక నాకు అర్థమైన ఆఖరి విషయం, చాలాసార్లు ప్రాంప్టును వెతకాల్సిన అవసరమే లేదని. ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ ప్రోటోకాల్‌ను వివరించే ఆర్ఎఫ్‌సీ 4254, 2006 జనవరిలో వెలువడింది. అందులోనే ఒక్క కమాండ్‌ను నేరుగా నడిపే దారి ఉంది. అవుట్‌పుట్ ముగిసినప్పుడు ఛానెల్ ముగిసిందని ప్రోటోకాలే చెబుతుంది, ఎగ్జిట్ స్టేటస్ విడిగా పంపుతుంది. ఫైళ్ల బదిలీకి ఎస్‌ఎఫ్‌టీపీ సబ్‌సిస్టమ్ ఉంది. అక్కడ ప్రతి జవాబుకూ పొడవు ముందే రాసి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ కూడా మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ మీదే నడుస్తోంది.

అయినా షెల్ తప్పనిసరి అయ్యే చోట్లు మిగిలే ఉంటాయి. ఒక సర్వర్ మీదుగా ఇంకో సర్వర్‌కు వెళ్లి అక్కడ సుడోతో రూట్ అయ్యి ఫైలు తెరవాలన్నా, ఎస్‌ఎఫ్‌టీపీ లేని కంటైనర్‌లోకి దూరాలన్నా ట్రాంప్ లాంటివాటికి షెల్‌తో మాట్లాడక తప్పదు. మనుషులు వాడే టెర్మినళ్లలో ఇప్పుడు ఫైనల్‌టర్మ్ తెచ్చిన ఓఎస్‌సీ 133 కోడ్‌లు వ్యాపించాయి. ప్రాంప్టు మొదలు, కమాండ్ మొదలు, అవుట్‌పుట్ మొదలు, ముగింపు అని నాలుగు గుర్తులను షెల్ తానే పంపుతుంది, ముగింపుతో పాటు ఎగ్జిట్ కోడ్ కూడా. ఐటెర్మ్2, కిట్టీ, విండోస్ టెర్మినల్ దీన్ని అర్థం చేసుకుంటాయి. ఊహించడం తగ్గి, ఒప్పందం పెరుగుతోంది. మా తరం దీన్ని ముందే అడిగి ఉంటే ఎంతో శ్రమ తప్పేది.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న మీకు నా మనవి రెండు మాటల్లో చెబుతాను. మీ కోడ్‌లో $ కనిపించగానే అయిపోయిందనుకునే చోటును, కాసేపు చప్పుడు లేకపోతే అయిపోయిందనుకునే చోటును వెతకండి. అక్కడ మీ సొంత ముగింపు గుర్తును, ఎగ్జిట్ స్టేటస్‌ను పెట్టండి. ఆ మార్పు చేసేదాకా ఆ ప్రోగ్రాము చేతికి ఫైళ్లను చెరిపే అధికారం ఇవ్వకండి.